లక్ష్యం ఎవరిది, లెక్క ఎవరికి?

మార్చి నెల వచ్చిందంటే మంథని చుట్టుపక్కల బొగ్గు ఊళ్లలో ఒకటే మాట: టార్గెట్. సెంటినరీ కాలనీ టీ కొట్ల దగ్గర, గోదావరిఖని చౌరస్తాలో, బాయి (గని) మీద మస్టర్ (హాజరు) పడే చోట అదే చర్చ. నెలాఖరులోగా ఇంకా ఎన్ని టన్నులు తీయాలి, ఏ ఓసీపీ (ఓపెన్‌కాస్ట్ గని) వెనకబడ్డది, ఏ ఏరియా ముందున్నది. 2023-24లో సింగరేణి బొగ్గు కంపెనీ 7 కోట్ల టన్నుల లక్ష్యం పెట్టుకుని దాన్ని అందుకుంది. మరుసటి ఏడు 7.2 కోట్ల టన్నులు అనుకుని 6.9 కోట్ల దగ్గర ఆగింది.

ఒక ఏడు అందింది, ఒక ఏడు అందలేదు. అందకపోవడానికి వానలు, అనుమతులు, యంత్రాలు ఇట్లా సవాలక్ష కారణాలు ఉండొచ్చు. వాటికంటే ముందు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఆ అంకె ఎవరు పెట్టారు? పలుగో స్టీరింగో పట్టుకున్నవాడికి అది ఎందుకో తెలుసా? ఆ అంకె వెంట పరుగెత్తడంలో పడే దెబ్బ ఎవరి ఒంటి మీద పడుతుంది? బతుకులోనైనా వ్యాపారంలోనైనా లక్ష్యం గురించి గత యాభై అరవై ఏళ్లుగా జరిగిన పరిశోధనంతా చదివి, దాన్ని మన గోదావరి తీరం అనుభవాల పక్కన పెట్టి చూస్తే నాకు మిగిలినవి ఈ మూడు ప్రశ్నలే.

వ్యాపారంలో లక్ష్యాలతో పాలన అనే ఆలోచనకు పుస్తక రూపం ఇచ్చినవాడు పీటర్ డ్రకర్. 1954లో వచ్చిన ఆయన పుస్తకం తర్వాత పెద్ద కంపెనీలన్నీ ఆ దారి పట్టాయి. లక్ష్యం స్పష్టంగా, కొలవగలిగేలా, గడువుతో ఉండాలని చెప్పే 'స్మార్ట్' సూత్రాన్ని జార్జ్ డోరన్ 1981లో రాశాడు. ఇంటెల్ నుంచి గూగుల్‌కు వెళ్లిన 'ఓకేఆర్' పద్ధతి ఇప్పుడు హైదరాబాద్ మాదాపూర్ ఆఫీసుల్లో రోజువారీ మాట అయిపోయింది. వీటి గురించి తెలుగులో కావలసినంత వచ్చింది కాబట్టి ఇక్కడ ఆగను.

ఆగాల్సింది ఎడ్విన్ లాక్, గ్యారీ లేథమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞుల దగ్గర. కష్టమైనదీ స్పష్టమైనదీ అయిన లక్ష్యం ఇస్తే, 'నీ చేతనైనంత చెయ్యి' అని వదిలేసినప్పటి కంటే పని ఎక్కువ జరుగుతుందని వీళ్లు ఒకసారి కాదు, వందల ప్రయోగాల్లో చూపించారు. వాటిలో నాకు నచ్చింది 1975లో అచ్చయిన లారీల కథ. అమెరికాలోని ఓక్లహోమాలో దుంగలు మోసే లారీలు చట్టం అనుమతించిన బరువులో 60 శాతం దాకే నింపుకుని పోతుండేవి. ఎన్నిసార్లు చెప్పినా డ్రైవర్లు అంతకు మించి నింపేవాళ్లు కాదు. యూనియన్‌తో మాట్లాడి, 94 శాతం నింపాలని ఒక అంకె పెట్టారు. డబ్బు ఆశ చూపలేదు. అందుకోకపోయినా శిక్ష ఉండదని మాట ఇచ్చారు. మొదటి నెల 80 శాతానికి వచ్చింది. రెండో నెల 70కి పడిపోయింది. డ్రైవర్లు కావాలనే తగ్గించారు. శిక్ష ఉండదన్న మాట నిజమో కాదో చూద్దామని. ఎవరినీ ఏమీ అనలేదు. మూడో నెలకు 90 శాతం చేరి అక్కడే నిలబడింది.

మన ఇసుక లారీల బాధ దీనికి తలకిందులు. మంథని దారిలో పోయే లారీ పరిమితి దాటి నింపుకునే పోతుంది. రోడ్లు అందుకే గుంతలవుతాయి. అయితే ఆ రెండో నెల కథ మాత్రం ఏ దేశానికైనా ఒకటే. అంకె పెట్టిన మనిషి మాట మీద నిలబడతాడా లేదా అని పనివాడు ముందు పరీక్షిస్తాడు, ఆ తర్వాతే ఒళ్లు వంచుతాడు.

ఇదే సందర్భంలో ఒక అబద్ధం గురించి చెప్పాలి. యేల్ విశ్వవిద్యాలయంలో 1953లో చదువు ముగించినవాళ్లలో 3 శాతం మందే తమ లక్ష్యాలు కాగితం మీద రాసుకున్నారనీ, ఇరవై ఏళ్ల తర్వాత ఆ కొద్దిమంది ఆస్తి మిగతా 97 శాతం మంది ఆస్తి కంటే ఎక్కువ తేలిందనీ వ్యక్తిత్వ వికాస ఉపన్యాసాల్లో తరచూ చెబుతుంటారు. అట్లాంటి అధ్యయనం జరగనే లేదు. 1996లో ఒక అమెరికన్ పత్రిక ఆరా తీస్తే యేల్‌లో దాని ఆనవాలే దొరకలేదు. రాసుకోవడం మంచిదే. కానీ పిల్లలకు ధైర్యం చెప్పడానికి కట్టుకథ ఎందుకు, ఓక్లహోమా లారీలు ఉండగా?

లక్ష్యం పైనుంచి వస్తే మంచిదా, పనివాళ్లతో కలిసి పెట్టుకుంటే మంచిదా అన్నది చాలా కాలం తెగని వాదం. లేథమ్ తన ప్రయోగాల్లో రెంటికీ తేడా లేదన్నాడు. ఇజ్రాయెల్‌లో పరిశోధించే మిరియమ్ ఎరెజ్ తన ప్రయోగాల్లో పెద్ద తేడా ఉందన్నారు. ఇద్దరూ లాక్‌ను పెద్దమనిషిగా పెట్టుకుని, కలిసి కొత్త ప్రయోగాలు చేసి 1988లో ఫలితాలు అచ్చు వేశారు. పోట్లాడుకునే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇట్లా ఒక్కచోట కూర్చుని తేల్చుకోవడం అరుదైన సంగతి. తేలిందేమిటంటే, లేథమ్ లక్ష్యం ఇచ్చేటప్పుడు ఎందుకు ఇస్తున్నాడో వివరంగా చెప్పేవాడు. ఎరెజ్ ప్రయోగంలో మాత్రం 'ఇంత చెయ్యి' అని ముక్తసరిగా చెప్పి వదిలేశారు. కారణం చెప్పి ఇచ్చిన లక్ష్యం, కలిసి పెట్టుకున్న లక్ష్యంతో సమానంగా పనిచేసింది. కారణం చెప్పకుండా విసిరేసిన అంకె పనిచేయలేదు.

ఈ ఫలితాన్ని చదివినప్పుడు నాకు వెంటనే 1990ల నాటి సింగరేణి గుర్తొస్తుంది. అప్పుడు కంపెనీ నష్టాల్లో కూరుకుపోయి ఖాయిలా పడ్డ కంపెనీల సంగతి తేల్చే బీఐఎఫ్ఆర్ గడప రెండుసార్లు తొక్కింది. ఏడాదికి వందల సమ్మెలు. ఒక షిఫ్టు ఆగితే ఇంకో బాయి ఆగేది. లక్షకు పైగా కార్మికులున్న కంపెనీ మూతపడుతుందేమోనని గోదావరిఖని, మందమర్రి, బెల్లంపల్లి, కొత్తగూడెం అంతా భయంతో బతికింది. ఉత్పత్తి లక్ష్యాలు అప్పుడూ ఉన్నాయి. అవి ఆఫీసు గోడ మీద ఉండేవి.

దశాబ్దం రెండో సగంలో పరిస్థితి మారింది. ప్రభుత్వాలు అప్పుల విషయంలో వెసులుబాటు ఇచ్చాయి, గుర్తింపు సంఘానికి ఎన్నికలు పెట్టారు, సమ్మెలు తగ్గాయి. వీటన్నిటితో పాటు జరిగిన మరో పని బయటివాళ్లకు అంతగా తెలియదు. గని, యంత్రాలు, ఫైనాన్స్, పర్సనల్ ఇట్లా వేర్వేరు విభాగాల అధికారులు ఒక బృందంగా బాయి మీదికి వచ్చి కార్మికులను కూర్చోబెట్టి లెక్క చెప్పడం మొదలైంది. టన్ను తీయడానికి ఎంత ఖర్చవుతోంది, ఎంతకు అమ్ముడుపోతోంది, మీ బాయికి వచ్చే నష్టమెంత, యంత్రం రోజుకు ఎన్ని గంటలు ఖాళీగా ఉంటోంది. మల్టీ డిపార్ట్‌మెంట్ టీం అని పిలిచే ఆ పద్ధతి ఇప్పటికీ ఉంది. మస్టర్ పడ్డ తర్వాత, బాయిలోకి దిగే ముందు, తట్టా చెమ్మస్‌లతో నిలబడిన మనిషికి తన కంపెనీ జమాఖర్చు వినిపించడమంటే ఆ మనిషిని లెక్కలోకి తీసుకోవడమే. సింగరేణి కోలుకోవడానికి అదొక్కటే కారణమని నేను అనను. అది లేకుండా మిగతావి పనిచేసేవని కూడా అనలేను.

ఆ తర్వాత లాభాల్లో వాటా వచ్చింది. ఆ దశాబ్దం చివర మొదలైన వాటా పెరుగుతూ పెరుగుతూ 2023-24 ఏడాదికి 33 శాతం అయింది. దసరా ముందు ఆ డబ్బు చేతికొస్తే పెద్దపల్లి, మంచిర్యాల బట్టల దుకాణాలు కిటకిటలాడతాయి. అయితే ఆ ఏడే ఒక పేచీ వచ్చింది. కంపెనీ నికర లాభం 4,701 కోట్లు. విస్తరణ కోసమని 2,289 కోట్లు పక్కకు తీసి, మిగిలిన 2,412 కోట్ల మీద 33 శాతం లెక్కగట్టారు. మొత్తం లాభం మీద ఇవ్వాలి కదా అని కొన్ని సంఘాలు నిలదీశాయి. విస్తరణకు డబ్బు కావాలన్నది నిజమే. కానీ ఆ మినహాయింపు సంగతి ఏడాది మొదట్లో లక్ష్యం చెప్పేటప్పుడే బాయి మీద చెప్పి ఉంటే పేచీ ఇంత ముదిరేది కాదని నా నమ్మకం. లక్ష్యం చెప్పడానికి వచ్చిన బృందమే, ఫలం ఎట్లా పంచుతారో కూడా చెప్పాలి.

టన్నుల లెక్కకు ఇంకో వైపు ఉంది. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. 2022 మార్చిలో మంథనికి దగ్గర్లోనే ఉన్న అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో పైకప్పు కూలి ముగ్గురు పోయారు. వాళ్లలో రక్షణ చూసే అధికారి కూడా ఉన్నారు. ఈ ప్రమాదాలకు ఉత్పత్తి ఒత్తిడే కారణమని తేల్చే హక్కు నాకు లేదు. కానీ ఏ గనిలోనైనా టన్నులు ప్రతి షిఫ్టుకూ లెక్కకొస్తాయి. తప్పిన ప్రమాదం ఏ లెక్కలోకీ రాదు. రోజూ కనిపించే అంకె కనిపించని దాన్ని తొక్కేస్తుంది. 2009లో నలుగురు పరిశోధకులు, వాళ్లలో లీసా ఆర్డోన్యెజ్, మాక్స్ బేజర్‌మన్ ఉన్నారు, లక్ష్యాలు అదుపు తప్పితే జరిగే అనర్థాల మీద ఒక వ్యాసం రాస్తే లాక్, లేథమ్ దాన్ని గట్టిగా ఖండించారు. ఆ వాదంలో నేను ఆర్డోన్యెజ్ వైపే ఉంటాను. ఒక్క అంకెను పట్టుకుని వేలాడితే మనిషి చూపు ఇరుకైపోతుందన్న ఆమె మాటకు రుజువులు మన దగ్గరే ఉన్నాయి.

ముందు బయటి ఉదాహరణ ఒకటి. అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు సిబ్బంది మీద ఒక్కో ఖాతాదారుకు ఎనిమిది సేవలు అంటగట్టాలనే ఒత్తిడి ఉండేది. ఫలితం, ఖాతాదారులకు తెలియకుండా తెరిచిన సుమారు 20 లక్షల ఖాతాలు. 2016లో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. 5 వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. పోయినవి ఎక్కువగా కౌంటర్లో కూర్చున్న చిన్న ఉద్యోగులవి. దీనికి ఆరేళ్ల ముందే మన ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ రుణాల కంపెనీలు అదే బాటలో నడిచాయి. నెలకు ఇన్ని కొత్త గ్రూపులు, వారం వారం నూరు శాతం వసూలు అన్నవి ఫీల్డు సిబ్బంది మెడ మీద కత్తులు. ఒకే ఇంటికి నాలుగు కంపెనీల అప్పు అంటగట్టారు. ఒక అప్పు తీర్చడానికి ఇంకో అప్పు. ఆత్మహత్యల వార్తలు వచ్చాక 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. వసూళ్లు కుప్పకూలాయి. ఆ సిబ్బందిలో చాలామంది మన పల్లెల నుంచి డిగ్రీ చదివి, మొదటి జీతం చూసుకున్న పిల్లలు. వాళ్లకు వసూలు ఎంతో చెప్పారు. అప్పు తీసుకున్న తల్లి ఆ డబ్బుతో ఏం చేస్తోందో కనుక్కొమ్మని చెప్పలేదు.

మంథనిలో కూర్చుని లక్ష్యాల గురించి రాస్తూ కాళేశ్వరం ఎత్తిపోతల పథకం ఊసెత్తకపోతే ఎట్లా? కోటి ఎకరాలకు నీళ్లు అన్నది తెలంగాణ ఆశపడ్డ లక్ష్యం. ఎండిన చెలకలు చూసినవాడెవడూ ఆ ఆశను తప్పుపట్టడు. గోదావరిని ఎదురెక్కించి మేడిగడ్డ, అన్నారం, సుందిళ్ల బ్యారేజీలు దాటించాలన్నారు. మూడేళ్లలో చేసి చూపించారు కూడా. 2019 జూన్ 21న ప్రారంభమైంది. 2022 జులై వరదలకు అన్నారం, కన్నెపల్లి పంప్‌హౌస్‌లు మునిగాయి. మంథని పట్టణంలోకి నీళ్లొచ్చాయి. బ్యాక్‌వాటర్‌తో పత్తి, మిరప, వరి ఏటా మునుగుతున్నాయని నదికి ఇరువైపులా రైతులు మొత్తుకున్నారు. 2023 అక్టోబరు 21న మేడిగడ్డ పిల్లర్లు కుంగాయి. ప్రణాళికలో, డిజైన్‌లో, నాణ్యతలో, నిర్వహణలో లోపాలున్నాయని జాతీయ డ్యాం భద్రతా సంస్థ నివేదిక ఇచ్చింది. ఖర్చు పెట్టే ప్రతి రూపాయికి 52 పైసల ప్రయోజనమే వచ్చే అవకాశం ఉందని కాగ్ లెక్కతేల్చింది.

రాజకీయంగా ఎవరిది తప్పో తేల్చుకునే చోట్లు వేరే ఉన్నాయి. నాకు కనిపించేది ఇది: ఎన్ని టీఎంసీలు, ఎన్ని లక్షల ఎకరాలు, ఎన్ని నెలలు అన్న అంకెల్లో మునిగే పొలానికి గడి లేదు. ఒడ్డున వ్యవసాయం చేసే రైతును మొదట్లోనే కూర్చోబెట్టి అడిగి ఉంటే, ఏ వాగు ఎటు ఎదురు తంతుందో చెప్పేవాడు. వాళ్లకు తెలుసు.

ఉమ్మడి కరీంనగర్‌లోనే దీనికి ఎదురు ఉదాహరణ ముల్కనూరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి నాయకత్వంలో అక్కడ రైతుల సహకార సంఘం పుట్టింది. దాని పరిధి 14 ఊళ్లు. అప్పు, ఎరువులు, విత్తనాలు, వడ్లు పత్తి కొనుగోలు, బియ్యం మిల్లు, జిన్నింగ్ ఇట్లా పనులు పెరుగుతూ పోయాయి గానీ ఊళ్ల సంఖ్య పెంచుకోవాలని ఆరాటపడలేదు. విస్తరించడమే విజయమని అందరూ అనుకునే కాలంలో, ఉన్న ఊళ్ల రైతుకు ఇంకా ఏం చేయగలం అన్నదాన్నే లక్ష్యంగా పెట్టుకోవడానికి చాలా నిబ్బరం కావాలి. సంఘాలు పుట్టి, ప్రభుత్వ పెత్తనంలోకి పోయి, ఎన్నికల అడ్డాలై, చివరికి బోర్డు మాత్రమే మిగిలిన చోట ఇది నిలబడింది.

దాని పక్కనే పొదుపు సంఘాల మహిళలు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద సొంతంగా డెయిరీ పెట్టుకున్నారు. 2002లో పాలు పోయడం మొదలైంది. 'స్వకృషి' పాల ప్యాకెట్ ఈ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. సభ్యులు, పాలకవర్గం అందరూ ఆడవాళ్లే. పాల కేంద్రంలో పోసిన ప్రతి పూటా లీటర్లు, వెన్న శాతం పుస్తకంలో పడుతుంది. బర్రెకు మేత తగ్గిందా, దాణా మార్చాలా అన్నది ఆ రెండు అంకెలే చెబుతాయి. ఆ లెక్క మొదట చేరేది పాలు పిండిన మనిషికి. పైన కూర్చున్నవాడికి నెలాఖరున చేరే నివేదిక కంటే ఇది ఎంత మేలైన లక్ష్యసాధనమో ఏ మేనేజ్‌మెంట్ పుస్తకమూ ఇంత సులువుగా చెప్పలేదు.

ముల్కనూరు ఉన్న భీమదేవరపల్లి మండలంలోనే పీవీ నరసింహారావు ఊరు వంగర. ఆయన 1957 నుంచి 1977 దాకా మంథని ఎమ్మెల్యే. 1971లో ముఖ్యమంత్రి అయ్యాక రెండు పనులు తలపెట్టారు. ఒకటి భూసంస్కరణలు. దాన్ని అమలు చేయాల్సిన వాళ్లలో, సొంత పార్టీలో, దాన్ని మనసారా కోరుకున్నవాళ్లు తక్కువ. స్థానికులకే ఉద్యోగాలన్న ముల్కీ నిబంధనలపై తీర్పు వచ్చాక రేగిన జై ఆంధ్ర ఉద్యమంలో 1973 జనవరిలో పదవి పోయింది. రెండోది నల్గొండ జిల్లా సర్వేలులో ఒక్క గురుకుల పాఠశాల. ఒక్కటంటే ఒక్కటి. పల్లె పిల్లలకు ఉండి చదువుకునే వసతి ఇస్తే ఎక్కడిదాకా పోతారో చూద్దామన్న పని. అక్కడ చదివినవాళ్లు పైకొస్తుంటే జనమే మాకూ కావాలని అడిగారు. ఇవాళ తెలంగాణలో గురుకులాలు వందల్లో ఉన్నాయి. భూసంస్కరణ అవసరం లేదని కాదు, పాఠశాల కంటే అదే పెద్ద అవసరం. కానీ చిన్నగా మొదలుపెట్టి, కళ్లముందు ఫలితం చూపించి, అడిగేవాళ్లను పెంచుకున్న లక్ష్యానికి దక్కిన ఆయుష్షు భూసంస్కరణకు దక్కలేదు.

చిన్నగా విడగొట్టుకోవడం మంథనికి కొత్త విద్యేమీ కాదు. మంత్రపురి అని పేరుపడ్డ ఈ ఊరు తరాలుగా వేదపండితులకు నిలయం. కృష్ణయజుర్వేదం తైత్తిరీయ సంహితలో 7 కాండలు, 44 పన్నాలు, 2,198 పనసలు. పనస అంటే సుమారు యాభై పదాలు. మొత్తం సంహిత నోటికి రావాలని చెబితే ఎనిమిదేళ్ల పిల్లవాడు బెదిరిపోతాడు. గురువు ఆ మాట ఎత్తడు. ఇవాళ ఈ పనస. సంథ చెప్పించి, తిరువ వేయించి (మళ్లీ మళ్లీ వల్లె వేయించి), రేపు పొద్దున అప్పగించమంటాడు. సంహిత తర్వాత పదం, క్రమం, జట, ఘన పాఠాలు. ఆల్బర్ట్ బండూరా, డేల్ షంక్ 1981లో లెక్కల్లో వెనకబడి, వాటి మీద ఆసక్తి లేని పిల్లల మీద ప్రయోగం చేశారు. 42 పేజీల లెక్కలు ఏడు పూటల్లో చేయాలి. మొత్తం 42 అని చెప్పిన పిల్లల కంటే, పూటకు ఆరు పేజీలని చెప్పిన పిల్లలు బాగా నేర్చుకున్నారు, లెక్కల మీద ఇష్టం కూడా పెంచుకున్నారు. మన ఇళ్లలో చిట్టీ కూడా ఇట్లాంటిదే. బిడ్డ పెళ్లికి రెండు లక్షలు కావాలంటే గుండె గుభేలుమంటుంది. నెలకు ఇంత కట్టి, అవసరమైన నెల పాట పాడి ఎత్తుకుందామంటే ధైర్యం వస్తుంది.

ఇక ఈ ప్రాంతపు యువత సంగతి. డిగ్రీ, బీటెక్ అయిన పిల్లల్లో చాలామందికి లక్ష్యం ఒక్కటే: గ్రూప్స్, లేదా డీఎస్సీ, లేదా పోలీసు ఉద్యోగం. 2022 ఏప్రిల్‌లో 503 పోస్టులతో గ్రూప్-1 నోటిఫికేషన్ వచ్చింది. ప్రశ్నపత్రాల లీకు బయటపడి మొదటి ప్రిలిమ్స్ రద్దయింది. రెండోసారి పెట్టిన ప్రిలిమ్స్‌ను హైకోర్టు రద్దు చేసింది. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో మళ్లీ మొదటి నుంచి. ఒకే పరీక్షను మూడుసార్లు రాసిన పిల్లలున్నారు. 'పట్టుదల ఉంటే సాధిస్తావు' అన్న మాట వాళ్లకు చెప్పడం అన్యాయం. పట్టుదల వాళ్ల దగ్గర ఉంది. నోటిఫికేషన్ వాళ్ల చేతిలో లేదు.

వాళ్లకు పనికొచ్చే పరిశోధనలు రెండున్నాయి. పీటర్ గాల్‌విట్జర్ చెప్పింది మొదటిది. 'బాగా చదవాలి' అనుకోవడం కంటే, పొద్దున ఆరింటికి లైబ్రరీ తలుపు తీయగానే పాలిటీ పుస్తకం తెరుస్తాను అని వేళా చోటూ ముందే ముడిపెట్టుకున్నవాళ్లు ఎక్కువ నిలబడతారు. చేతిలో ఉన్నది చదువు గనుక లక్ష్యాన్ని చదువు గంటల మీద పెట్టుకోవాలి, పోస్టు మీద పెట్టుకుంటే మరొకరి తప్పుకు మనం కుంగిపోతాం. రెండోదాన్ని మన వికాస గ్రంథాలు దాదాపు ముట్టవు. కార్‌స్టెన్ వ్రాష్, ఆయన సహచరులు 2003లో చూపించిందేమంటే, అందని లక్ష్యాన్ని వదిలి మరో అర్థవంతమైన లక్ష్యాన్ని పట్టుకోగలిగినవాళ్ల మనసు, పట్టుకుని వేలాడినవాళ్ల మనసు కంటే కుదురుగా ఉంటుంది. వదలడం ఓటమి అని చిన్నప్పటి నుంచి చెప్పిన ఇంట్లో ముప్పై ఏళ్ల కొడుకు 'ఇక చాలు బాపూ' అనలేడు. అనలేక మరో రెండేళ్లు అద్దె కట్టుకుంటూ కూర్చుంటాడు. ఆడపిల్లకైతే ఆ రెండేళ్లు కూడా ఇవ్వరు, అది వేరే అన్యాయం.

అందుకే, కోచింగ్ సెంటర్లుండే హైదరాబాద్ అశోక్‌నగర్‌లో గదికి అడ్వాన్సు కట్టే రోజునే తల్లిదండ్రులూ పిల్లలూ కూర్చుని మాట్లాడుకోవాలి. ఎన్నేళ్లు, ఎన్ని నోటిఫికేషన్లు, నెలకు ఎంత ఖర్చు, రాకపోతే తర్వాత ఏం చేయాలి, పక్కన ఏ పని నేర్చుకోవాలి. ఏ తేదీన ఆగాలో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. ఆ తేదీ వచ్చినప్పుడు, ఆగిపోదామని మొదట అనాల్సింది పెద్దవాళ్లు.